సంగటి పాట మరిచిపోయే మనిషి

మా ఓబుళేశన్నకు తన పాట తనకే గుర్తుండదు. ఇంత పేరున్న పాటల రచయిత మైకు ముందు నిలబడి, సొంత పాటలో మూడో వరుస కోసం జనం ముఖాలు చూడటం మీరెక్కడా చూసి ఉండరు. పదిహేడేళ్లుగా ఆయన పక్కన కూర్చుని కీబోర్డు వాయిస్తున్న నాకు మాత్రం అలవాటైపోయింది.

ఆ మరుపుకీ ఒక పద్ధతుంది. నాలుగు పేజీల కొత్త పాటను, నోరు తిరగని సమాసాలతో సహా, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. నాలుగే నాలుగు వరుసల సంగటి పాట దగ్గరికి వచ్చేసరికి తెల్లముఖం వేస్తాడు. ఆ పాటంతా కలిపి ఇంతే:

యాడికి పోతాండావు పిల్లా?
సేనికి పోతాండా మామా.
సంగటి ఉండాదా పిల్లా?
సగము నీకుండాది మామా.

ఎమ్మిగనూరులో ఓబుళేశన్న, బసవన్న పక్కపక్క మగ్గాల మీద నేసే రోజుల్లో కట్టిన పాట ఇది. ఒక మగ్గం గుంటలోంచి ఓబుళేశన్న అడిగేవాడు, రెండో గుంటలోంచి బసవన్న ఆడపిల్లై జవాబు చెప్పేవాడు. ఇప్పటికీ స్టేజీ మీద జవాబులు బసవన్నవే. డెబ్బై ఏళ్ల మనిషి, బుర్రమీసాలు పెట్టుకుని “మామా” అని గారాలు పోతుంటే ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

ఓబుళేశన్న మొదటి ప్రశ్న బాగానే వేస్తాడు. రెండో ప్రశ్న దగ్గర ఆగుతాడు. తల గోక్కుంటాడు. “ఏందప్పా తర్వాత?” అంటాడు. అంతే, జనం ప్రశ్నా జవాబూ కలిపి ఒక్క ఊపున పాడేస్తారు. కొత్త పాటలకైతే చప్పట్లు కొడతారు. ఈ పాటకు కొట్టరు, వాళ్లకు తీరిక ఉండదు మరి.

రాజంపేటలో ఒక పెద్దావిడ లేచి కోప్పడింది. “రాసినోడివి, ఆ మాత్రం గుర్తుండదా నాయనా?”

“గుర్తు పెట్టుకునేదానికి మీరుండారు కదమ్మా” అన్నాడు.

ఆమె స్టేజీ ఎక్కి, మైకు లాక్కుని, నాలుగు వరుసలూ మూడుసార్లు పాడి దిగింది.

మొదట్లో నాకు మాత్రం పరువు పోతున్నట్టుండేది. “అన్నా, చీటీ మీద రాసి పెట్టుకోరాదా?” అన్నాను.

“రాసినానప్పా.”

“యాడుంది?”

“యాడ పెట్టినానో మరిచిపోయినా.”

ఈ జబ్బు మొదటి నుంచీ ఉన్నది కాదు. మూడేళ్ల కిందట కోయిలకుంట్లలో అసలు తడబడింది బసవన్న. “సంగటి ఉండాదా పిల్లా?” అని అడిగితే నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఎవరో ఈల వేశారు. స్టేజీ దిగాక బసవన్న వ్యాన్లో కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “ఇంక నేను రానప్పా” అన్నాడు. ఆ మనిషికి పాట తప్ప ఇంకో లోకం లేదు, ఇంట్లో కూర్చుంటే ఏమైపోతాడోనని నాకు దిగులేసింది. ఓబుళేశన్న ఎలాగో బతిమాలి తీసుకొచ్చాడు. తీరా ఆ తర్వాతి ప్రోగ్రాం నుంచి ఆయనకూ మరుపు మొదలైంది. ఇదేదో అంటురోగమనుకుని, ఇద్దరి మధ్యా కూర్చునేవాణ్ని కాబట్టి, నేను రోజూ పొద్దున్నే సరస్వతాకు కషాయం తాగడం మొదలుపెట్టాను.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున కడపలో ప్రోగ్రాం. నిర్వాహకుడు భూపేష్ బాగా చదువుకున్నవాడు, మర్యాదస్తుడు.

“సార్, మీ కొత్త పాటల్లో లోతు ఉండాది. అవి పాడండి. సంగటి పాట ఒక్కసారి చాలు. మీరు మరిచిపోకుండా ఎదురుగా టీవీ పెట్టిస్తా, పాటంతా పెద్దక్షరాల్లో వస్తాది” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “జవాబులకు మంచి గొంతున్న అమ్మాయి ఉండాది సార్. పెద్దాయనకు శ్రమెందుకు?”

పక్కనే ఉన్న బసవన్న వినపడనట్టు తువ్వాలు మడత పెట్టుకుంటున్నాడు.

“అమ్మాయి ఇంకో పాట పాడుతాదిలే. ఇది బసవనిదే” అన్నాడు ఓబుళేశన్న.

టీవీ మాత్రం వచ్చింది. అక్షరాలు వెనక వరుసకు కూడా కనపడేంత ఉన్నాయి. అయితే బసవన్నకు చదువు రాదు. అంటే, ఇక తడబడితే ఆయనొక్కడే తడబడాలి. నాకు ఆ సంగతి పాట మొదలయ్యాక గానీ తట్టలేదు.

రెండో ప్రశ్న వచ్చింది. ఓబుళేశన్న ఆగాడు, జుబ్బా జేబులు తడుముకున్నాడు.

“అద్దాలు యాడనో పెట్టి మరిచిపోయినానప్పా. ఆ రాసిందేందో మీరే చెప్పండి.”

నేను కూర్చున్నచోటికి ఆయన వీపు కనపడుతుంది. వీపు వెనక పిడికిట్లో అద్దాలున్నాయి.

అప్పుడే బసవన్న వైపు చూశాను. నోరు తెరిచే ఉంది, మాట రావడం లేదు. ఇంతలో హాలంతా ప్రశ్న పాడేసి, ఆ ఊపులోనే “సగము నీకుండాది మామా” అంది. చివరి “మామా” బసవన్న కూడా అందుకున్నాడు, గారాలతో సహా. భూపేష్ కూడా పాడాడు. నేనే వాయించడం మానేసి కూర్చున్నాను.

దిగాక ఓబుళేశన్నను పక్కకు లాగాను. “మూడేళ్లుగా ఇదేనా అన్నా?”

“ఏది?”

“అద్దాలు చూసినాలే. కొత్త పాటలు ఒక్కటీ మరిచిపోవేం మరి?”

“వాటిని మరిచిపోతే అందించేవాడెవడుండాడప్పా?” అని అద్దాలు పెట్టుకున్నాడు. “బసవనికి చెప్పినావంటే నీ కీబోర్డు పెన్నలో పారేస్తా.”

తిరుగు దారిలో మైదుకూరులో టీకి దిగాం. ఓబుళేశన్న అరటిపళ్లు బేరం చేస్తుంటే బసవన్న నా పక్కకు వచ్చాడు.

“నాగరాజూ, ఒక మాట. ఓబుళేశుకు చెప్పొద్దు.”

“చెప్పన్నా.”

“వానికి మతిమరుపు శానా ఎక్కువైతాండాది. టీవీ పెట్టినా లాభం లేకపాయె, సూసినావు కదా.”

“సూసినానన్నా.”

“నాకూ మోకాళ్లు నొప్పులప్పా, ఎప్పుడో మానుకోవాలనుకున్నా. వాన్నొక్కన్నే యాడ ఇడిసిపెట్టేది? నేను పక్కనుండి జవాబు అందుకుంటాండా కాబట్టి ఎట్లో నడుస్తాండాది.”

“నువ్వు లేకుంటే కష్టమే అన్నా” అన్నాను.

బసవన్న గ్లాసు కింద పెట్టాడు. అరటిపళ్ల బండి దగ్గరికి పోయి, వ్యాను ఎక్కడుందో మరిచిపోతాడేమోనని, ఓబుళేశన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన కూడా, దారి తెలియనివాడిలా, బుద్ధిగా వెంట నడిచాడు.