టెన్షన్ రాయని బాబాయి

మాచర్లలో ముప్పయ్యేళ్ళు వార్తలు రాసిన మా బాబాయి మొన్న పొద్దున్నే పోయాడు. నాకు వరసకు ఏమీ కాడు, విలేకరులందరం అలాగే పిలిచేవాళ్ళం. నేను ఫోన్ చూసేసరికే మా వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు ఏడుపు రాలేదు. నేను పోతే ఇన్ని వస్తాయా అనిపించింది.

ఆయనది ఒక పేపరు, నాది ఇంకొకటి. నాదే పెద్దది, అమ్మకం కూడా ఎక్కువ. అయినా బస్టాండు టీ బంకు దగ్గర జనం ఆయన పేపరే లాక్కునేవాళ్ళు. "బాబాయి ఏం రాశాడో చూడండ్రా" అనేవాళ్ళు, నేను పక్కనే నిలబడి ఉండగా! కడుపు మండిపోయేది.

మా పల్నాడు వార్తల్లో టెన్షన్ అనే మాట కూరలో ఉప్పులాంటిది. నలుగురు గుమిగూడితే టెన్షన్. పోలీసు జీపు ఆగితే తీవ్ర టెన్షన్. ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాళ్ళకు హుషారొస్తే ఆ మాటే పక్కపక్కన రెండుసార్లు. బాబాయి మాత్రం గొడవ జరిగిన ఊరికి తన పాత మోపెడ్ మీద వెళ్ళి, ముందు టీ బంకు వెతుక్కునేవాడు. అసలే షుగరు మనిషి, చక్కెర లేని టీ ఊదుకుంటూ అరగంట కూర్చునేవాడు.

"ఒరేయ్, భయపడ్డ ఊళ్ళో ముందు మూసేది టీ బంకేరా. టీ దొరికినాక ఇంక టెన్షనేంది?" అనేవాడు. చాదస్తం అని నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి మాకు దగ్గర్లోని ఊళ్ళో ఫ్లెక్సీ కోసం రెండు వర్గాలు కొట్టుకున్నాయి. నేను బస్టాండులో కూర్చునే ఫోన్లో కనుక్కుని, 'తీవ్ర టెన్షన్' అని రాసి పంపాను. మర్నాడు ఆ ఊరి రైతు ఒకాయన నా పేపరు చుట్టచుట్టి పట్టుకుని, బాబాయీ నేనూ కూర్చున్న బస్టాండు టీ బంకు దగ్గరికొచ్చాడు.

"ఏందయ్యా ఈ రాతలు? కొట్లాట పది నిమిషాల్లో అయిపాయె. ఇయ్యాల మా పిల్ల నిశ్చితార్థం. నకరికల్లు నుంచి రావాల్సిన పెళ్ళివాళ్ళు ఇది చూసి మేం రామంటున్నారు. ఎవరు రాసింది?"

నేను తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాను. బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు రాస్తే ఏందిలే అన్నా, పద, బస్సొచ్చింది" అని తన పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఆయనతో నకరికల్లు వెళ్ళాడు. ముందురోజు ఆ ఊరెళ్ళొచ్చి బాబాయి రాసిన వార్తలో ఉన్నది నాలుగు ముక్కలే: ఇద్దరికి దెబ్బలు తగిలాయి, పెద్దలు సర్దిచెప్పారు, బడి జరిగింది, దుకాణాలు తెరిచే ఉన్నాయి. పెళ్ళికొడుకు తండ్రి అది చదివి, "నువ్వు చూసొచ్చి రాసినావా? అయితే పదండి" అన్నాడట. సాయంత్రానికి తాంబూలాలు మార్చుకున్నారు.

నా పేపరు చూసి ఆగిపోయినవాళ్ళు ఆయన మాట మీద బయల్దేరారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. మర్నాడు తిడతాడనుకున్నాను. "ఇయ్యాల టీ నువ్విప్పియ్యరా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఆనాటి నుంచి నేనూ ఊరు వెళ్ళి, టీ తాగాకే రాస్తున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నానని మాత్రం ఆయన బతికుండగా ఒప్పుకోలేదు. ఈర్ష్య అడ్డొచ్చింది.

అంత్యక్రియలకు మా దగ్గర ఎప్పుడూ కొట్టుకునే రెండు వర్గాల నాయకులూ వచ్చారు. వీధి నిండా కార్లు, చివర పోలీసు జీపు. మా డెస్కు నుంచి ఫోన్: "రెండు గ్రూపులూ ఒకేచోట ఉన్నాయంటగా, టెన్షన్ అని పెట్టేదా?"

"ఆగండి, చూసి చెప్తా" అని అలవాటుగా బస్టాండుకు నడిచాను. ఎన్ని బందులు జరిగినా, ఎన్ని గొడవలు జరిగినా తెరిచే ఉండే మా టీ బంకు మూసి ఉంది. తిరిగి వచ్చి చూస్తే, బంకు యజమాని పాడె ముందు కొమ్ము భుజాన పెట్టుకుని ఏడుస్తూ నడుస్తున్నాడు.

నేను పోతే ఆ బంకు ఒక్క పూటైనా మూస్తాడా?