తాగి చూపించే నీళ్లు

రంగుల అత్త అంటే అద్దకం షెడ్డులో అందరికీ హడల్. మనిషి చూడబోతే పిడికెడంత. మోచేతుల దాకా నీలిరంగు పట్టేసింది, ఎంత తోమినా వదలదు. నోరు మాత్రం షెడ్డంత. రంగు పాళ్లు తప్పినా ఊరుకుంటుందేమో గానీ, వెనకాల పారే వాగులో ఎవడైనా ఉమ్మాడో, వాడి ఏడు తరాలనీ నిద్ర లేపుతుంది.

వాళ్లింట్లో ఒక కట్టడి ఉంది. రంగునీళ్లు గుంటల్లో తేరుకున్నాకే వాగులోకి వదలాలి. అవి వాగులో కలిసే చోట, రంగు వేసేవాళ్లే పొద్దున్నే ఒక గ్లాసు ముంచి, కళ్లకద్దుకుని తాగాలి. "మనం తాగలేని నీళ్లు వాగుకి తాగించకూడదే తల్లీ," అనేవాడు వాళ్ల నాన్న. ఆయనకు తెలిసిన పూజ అదొక్కటే. అత్తా అంతే, దండం పెట్టుకోవడానికి ఇంకెక్కడికీ వెళ్లి ఎరగదు.

అత్త వాళ్లన్న పోయాక షెడ్డు మేనల్లుడి చేతికొచ్చింది. కుర్రాడు తెలివైనవాడే. ఆ తెలివి ఎటు పోయిందన్నదే బాధ. వెనకాల ఇంకో షెడ్డు వేసి డబ్బాల్లో వచ్చే రసాయనం రంగులు దించాడు. "ఆ నీళ్లు కూడా గుంటల్లోకేనత్తా, నీ మీద ఒట్టు," అన్నాడు. గేటు దగ్గర వాగుతల్లి అని పాలరాతి బొమ్మ పెట్టి, కింద 'ప్రకృతే మా దైవం' అని చెక్కించాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే విన్నాం గానీ, పాలకుండకి దండ వేసి మరీ తాగే పిల్లిని ఇక్కడే చూశాం.

అత్తకి మోకాళ్లు పట్టేశాయి. "అంత దూరం నువ్వెందుకత్తా దిగడం? గ్లాసు నేను తెచ్చిస్తాగా," అన్నాడు అల్లుడు. ఎంత ప్రేమో అని మురిసిపోయింది పిచ్చిది. అప్పట్నుంచీ గ్లాసు కుర్చీ దగ్గరికే వస్తోంది. బట్టలు కొనేవాళ్లు వచ్చినప్పుడల్లా వాళ్ల ముందు తాగిస్తున్నాడు. వాళ్లు ఫొటోలు తీసుకుని, కళ్లు తుడుచుకుని, బేరం కుదుర్చుకుని వెళ్తున్నారు.

వాగు దిగువన బాతులు పెంచుకునే ఆవిడ ఒకతి ఉంది. ఆ మధ్య ఒకరోజు వచ్చి, "నీళ్ల రంగు తేడాగా ఉంది వదినా, భయమేసి బాతుల్ని కట్టేశాను," అంది. అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ నీళ్లు నేను రోజూ తాగుతున్నాను! నాకేమైనా అయిందా? మా వాగు మీద నింద వేస్తే కళ్లు పోతాయి!" అని గుమ్మంలోంచే తరిమేసింది. ఆవిడ తలొంచుకుని వెళ్లిపోయింది.

నడివేసవిలో మళ్లీ కొనేవాళ్లు వచ్చారు. అల్లుడు గొంతు తడి చేసుకుని ప్రకృతి గురించి మాట్లాడి, గ్లాసు తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. కళ్లకద్దుకుని ఒక గుక్క తాగింది. పళ్లు జివ్వుమన్నాయి.

"ఈ ఎండలో వాగు నీళ్లు ఇంత చల్లగా ఎలా ఉన్నాయిరా?"

అబద్ధమాడేవాడికి ఆ మాత్రం జాగ్రత్త ఉండక్కర్లేదూ? ఫ్రిజ్‌లోంచి సీసా తీసి అలాగే వంచుకొచ్చాడు వెధవ.

అత్త కర్ర పట్టుకుని, ఆపబోయినవాళ్లని తోసేసి, వాగు గట్టు దిగింది. గుంటలు ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి. కొత్త షెడ్డులోంచి ఒక లావుపాటి గొట్టం గుంటల పక్కనుంచే తిన్నగా వాగులోకి పోయింది. దాని మూతిలోంచి నల్లటి నీళ్లు నురగలు కక్కుతున్నాయి. ముక్కు బద్దలయ్యే వాసన. చేతిలో గ్లాసులోవి పారబోసి, ఆ నల్లటి నీళ్లే నిండా పట్టి, గట్టెక్కి వచ్చి, అందరి ముందూ అల్లుడి మూతి దగ్గర పెట్టింది.

"తాగరా."

"అత్తా, నలుగురిలో ఏంటిది..."

"దైవం అన్నావుగా! రాయి చెక్కించావుగా! తాగి చూపించు. దణ్ణం పెట్టి దేవత నోట్లో విషం పోసేవాణ్ణి ఏమనాలిరా? పోసింది నువ్వు, సాక్ష్యం నేనా? మా నాన్న మొక్కుకున్న మొక్కుని బజార్లో పెట్టి బట్టలమ్ముకున్నావా?"

అల్లుడు గ్లాసు ముట్టుకోలేదు. కొనేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, సంచులు సర్దుకుని బండెక్కారు. "మన పొట్ట మీద కొట్టావు కదత్తా," అన్నాడు అల్లుడు. అత్త షెడ్డులో తడిబట్టలన్నీ ఉండచుట్టి, మళ్లీ గట్టు దిగి ఆ గొట్టం మూతిలో కుక్కి, కర్రతో పొడిచి పొడిచి బిగించింది. కోపం ఇంకా తీరలేదు. అది ఎవరి మీదో తెలిశాక దిగువకి నడిచింది.

బాతులావిడ గుమ్మం ముందు కూర్చుని ఉంది. వాకిట్లో ఖాళీ గంపలు బోర్లించి ఉన్నాయి. ఒక్క బాతూ కనపడలేదు.

"తప్పయిపోయింది వదినా," అంది అత్త. "నీ మాట విని ఒక్కసారి దిగి చూసుంటే..."

ఆవిడ వాగు వైపే చూస్తూ అంది:

"కట్టేసి ఉంచితే బతికేవి. నువ్వు రోజూ తాగుతున్నావన్నావు కదా వదినా, ఆ మాట మీదే వదిలాను."