అప్పుడప్పుడు అన్న మాట

మా అత్తకు రాయడం రాదు, నాకు నలుగురిలో మాట్లాడడం రాదు. అందుకే ఇద్దరినీ కలిపి ఒక మనిషి కింద లెక్కగట్టి బీరు శిక్షణకు పంపింది మా నానమ్మ. చిన్న ఎత్తున బీరు కాచి, సీసాలకెత్తి అమ్ముకోవాలనుకునే వాళ్ల కోసం పెట్టిన పన్నెండు రోజుల తరగతి అది. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ ఉంటేనే లైసెన్సు. అత్త చేతులతో నేర్చుకోవాలి, నేను పుస్తకంలోకి ఎక్కించాలి. తొమ్మిదిలో ఆగిపోయిన నా చదువు అలా పనికొచ్చింది.

అత్త అంటే నాన్న చెల్లెలు. మామయ్య పెద్ద బీరు ఫ్యాక్టరీలో తొట్లు కడిగేవాడు. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఖాళీ తొట్టిలోకి దిగినవాడు మళ్లీ పైకి ఎక్కలేదు. తాగిన మత్తులో పడ్డాడని ఫ్యాక్టరీ వాళ్లు తేల్చారు. అత్త నమ్మింది. ఆయన ఫోటోను గోడకెక్కనివ్వలేదు. బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద బోర్లా పెట్టింది. ఎవరైనా జాలిపడితే, తాగి నన్ను నట్టేట ముంచినోడి ఊసు నా దగ్గర ఎత్తొద్దనేది.

తరగతి ఒక రేకుల షెడ్డులో జరిగేది. నేల ఎప్పుడూ తడిగానే ఉండేది. వేడినీళ్లలో నానిన బార్లీ వాసన బట్టలకు పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. నేర్పేది ఒక ముసలాయన. ఏది అడిగినా "నురగనడుగు, అదే చెబుతుంది" అంటాడని మొదటి రోజే ఆయనకు నురగ మాస్టారని పేరు పడింది. ఆ పేరు పెట్టినవాడు లారీ మానేసి వచ్చిన ఒక డ్రైవరు. ఇన్నేళ్లూ సీసాలు ఖాళీ చేశాను, ఇక నింపి ఆ పాపం కడుక్కుంటానని అందరికీ చెప్పుకునేవాడు.

అత్త పనిమంతురాలు. కడిగిన ప్రతి సీసానూ వెలుతురుకెత్తి చూసి, మరక కనిపిస్తే మళ్లీ నీళ్లలో ముంచేది. మూతలు బిగించే మీట ఆమె చేతిలో ఒక్క నొక్కుకే పడేది. నాలుగు సీసాలు పగలగొట్టాక డ్రైవరు, "అక్కా, నీ చెయ్యి అద్దెకిస్తావా" అని అడిగాడు. అత్త నవ్వింది. రెండేళ్లలో ఆమె పళ్లు చూడడం అదే మొదలు.

ఐదో రోజు తొట్టి కడగడం నేర్పారు. మనిషెత్తు స్టీలు తొట్టి, అందులోని బీరు ఆ పొద్దునే తీసేశారు. మాస్టారు తీగకు కట్టిన చిన్న దీపం వెలిగించి లోపలికి దింపాడు. సగం దాకా నిలకడగా వెలిగింది. ఇంకో జానెడు దిగగానే ఆరిపోయింది. ఎవరూ ఊదలేదు. మళ్లీ వెలిగించి దింపాడు. అదే చోట ఆరింది.

బీరు పులిసేటప్పుడు పుట్టే గాలి అడుగున నిలిచిపోతుందని, అది కంటికి కనపడదని ఆయన చెప్పాడు. "మనిషి దిగి వంగాడంటే రెండు ఊపిరులు, అంతే. కాళ్లు తేలిపోతాయి. చూసేవాళ్లకు తాగి తూలినట్టే ఉంటుంది."

అత్త రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకుంది.

"తాగకపోయినా?" అని అడిగింది.

"జన్మలో ముట్టనివాడైనా అంతేనమ్మా. దీపం ఆరితే దిగకూడదు. వెలిగినా సరే, పైన తాడు పట్టుకుని ఒక మనిషి ఉండాల్సిందే."

మామయ్య ఒక్కడే దిగాడు.

ఇంటికొచ్చి అత్త చెప్పులు కూడా విడవకుండా గడపలో కూలబడింది. అప్పుడు చెప్పింది నాకు. ఆయన పోయిన రోజు ఫ్యాక్టరీ గుమాస్తా వచ్చి, మీ ఆయన తాగేవాడా అని అడిగాడట. ఆ పొద్దున మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నారు. గుమాస్తా వచ్చేసరికి ఆమెకు ఆ కోపం ఇంకా దిగలేదు.

"అప్పుడప్పుడు అన్నానే పిల్లా. ఏడాదికి రెండుసార్లు తాగితే అప్పుడప్పుడనే కదా అంటాం?"

మర్నాడు తరగతి ఎగ్గొట్టి ఫ్యాక్టరీకి వెళ్లాం. నా నోటుపుస్తకం అత్త చంకలో ఉంది. గుమాస్తా మర్యాదగానే కూర్చోబెట్టాడు. దీపం సంగతి నేను చదివి వినిపించాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. ఆయన అంతా విని, ఫైలు తీసి మా వైపు తిప్పాడు.

"ఇందులో నా సొంతమాట ఏమీ లేదమ్మా. మద్యం అలవాటు ఉందని భార్య చెప్పింది, అని రాసుంది. కింద వేలిముద్ర మీదే."

ఆ వాక్యం ఎక్కడుందో నన్ను చూపమంది అత్త. చూపాను. దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

"అప్పుడప్పుడు అన్నాను. ఆ మాటేది?"

ఆ మాట అందులో లేదు. మూసేసిన ఫైలులో ఇప్పుడు చేర్చడం, కొట్టెయ్యడం కుదరదన్నాడు గుమాస్తా. మాకు మంచినీళ్లు తెప్పించాడు. అత్త తాగలేదు.

చివరి రోజు పరీక్షలో ఆమెకు తొట్టి కడగడమే వచ్చింది. దీపం అడుగుదాకా వెలిగింది గానీ, అక్కడ ఒకసారి తలవంచి లేచింది. అది ఫ్యాను గాలి, దిగమన్నాడు మాస్టారు. తాడు డ్రైవరు చేతిలో ఉంది. అత్త దిగలేదు. దీపం పైకి లాగి మళ్లీ దింపింది. మళ్లీ లాగింది. ఇచ్చిన సమయం అయిపోవస్తోంది.

"అక్కా, కడిగినప్పుడల్లా ఇంతసేపు చూస్తే బీరెప్పుడు అమ్ముతావు? అప్పుడప్పుడు చూస్తే చాల్లే" అన్నాడు డ్రైవరు, తేలిక చేద్దామని.

"ఆ మాట అనకు తమ్ముడూ" అంది అత్త. తీగ వదల్లేదు.

మాస్టారు ఆమె పేరు పక్కన 'తొట్టి కడగలేదు' అని రాశాడు. మూడు నెలల తర్వాత మళ్లీ తరగతి పెడతారు, అప్పుడు రమ్మన్నాడు.

ఇంటికొచ్చాక అత్త దుప్పట్లు తీసి ఫోటో బయటపెట్టింది. కొంగుతో అద్దం తుడిచింది. గోడకు మేకు కొట్టనా అని అడిగాను.

"ఏ మొహం పెట్టుకుని ఆయన ఎదురుగా తిరగమంటావే" అంది.

మళ్లీ దుప్పట్ల కిందే పెట్టేసింది. ఈసారి బోర్లా పెట్టలేదు.