పొట్టేలు మెడలో మేక గంట

మొన్న మా కోడలు బజారు నుంచి వస్తూ తులసికోటకని ఒక ప్యాకెట్టు తెచ్చింది. మెరిసే పచ్చరంగు సంచి, దాని మీద నవ్వుతున్న మేకబొమ్మ. "అత్తమ్మా, దీంట్లో మందులేం లేవంట. అచ్చమైన మేక ఎరువంట" అంటూ కత్తెరతో మూల కోసి నా చేతికిచ్చింది. పొడికొట్టి, జల్లించి, ముద్ర వేసి అమ్ముతున్నారు. ఎంత జల్లించినా వాసన ఎక్కడికి పోతుంది? ఎండిన ఆకు, మూత్రం, వానకు ముందు వేడెక్కిన ఎర్రమన్ను కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే తులసికోట మెట్టు మీదే కూర్చుండిపోయాను. కోడలు కళ్ళు తిరిగాయనుకుని మంచినీళ్ళ కోసం పరుగెత్తింది. కళ్ళు తిరగలేదు నాకు. కోపం వచ్చింది. ఈ వయసులో ఇంత కోపం నాలో ఎక్కడ దాగుందో నాకే ఆశ్చర్యమైంది.

నేను కోపిష్టిదాన్ని కాను. సాయంత్రం దీపం పెట్టి, ఆ రోజు నాకు మేలు చేసిన వాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలచుకుని దండం పెట్టుకోవడం మా జేజి, అంటే మా నాయన తల్లి, నేర్పిన అలవాటు. పాలు పోసే మనిషి, ఆటోలో చేయి పట్టుకుని ఎక్కించిన పిల్ల, ఆసుపత్రిలో నొప్పి తెలియకుండా సూది వేసిన నర్సు, ఎవరినీ వదిలిపెట్టను. కీడు చేసినవాళ్ళకు కూడా చివర్న ఒక దండం పెట్టి మరిచిపోతాను. దేవుడు నాకు తక్కువ చేయలేదు. అయినా ఒక్కచోట మాత్రం నా దండం ముందుకు పోదు, ముల్లుకంపకు చీరకొంగు తగులుకున్నట్టు ఆగిపోతుంది. ఆ ముల్లు సంగతే ఇదంతా.

మా ఊరు నందికొట్కూరు నుంచి నల్లమల వైపు పోయే దారిలో ఉండేది. ఎర్రనేల. బావి ఉన్న ఇల్లు అంటే గొప్పిల్లు. మిగిలినదంతా ఆకాశం వైపు చూసే సేద్యమే. జొన్న, కొర్ర, ఆముదం. నేను పుట్టినప్పుడు మా అమ్మకు జ్వరం తగిలి పాలు పడలేదట. అప్పుడు మా చేలో మంద పెట్టి ఉన్న గొల్లాయన ఒక బొల్లిమేకను తోలుకొచ్చి మా వాకిట కట్టేశాడట. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉన్న నల్లమేక. ఆ మేక పాలే నన్ను బతికించాయి. ఆయనను నేను మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్త అనేదాన్ని. అల్లరి చేస్తే మా జేజి "మేకపాలు తాగినావు గదమ్మే, గోడలెక్కక యేం జేస్తావులే" అనేది. అది తిట్టో మెచ్చుకోలో నాకు ఇప్పటికీ తెలియదు.

చేలో మంద పెట్టడమంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. పంట ఇంటికి చేరాక నేల ఖాళీగా పడి ఉంటుంది కదా. ఎండాకాలమంతా గొల్లవాళ్ళు తమ గొర్రెలను, మేకలను మా చేలల్లో తడికెలు కట్టి పడుకోబెట్టేవాళ్ళు. ఇవాళ ఈ మూల, రేపు ఆ మూల. అలా తడికెలు జరుపుతూ పోతే చేను మొత్తానికి ఎరువు పడేది. వాళ్ళకు రెండు పూటలా తిండి మా ఇంటి నుంచి పోయేది, కళ్ళం నాడు గింజలు పోయేవి. మంద చేలో అడుగుపెట్టే సాయంత్రం మా జేజి పసుపు కుంకుమ గిన్నెతో పోయి ముందు నడిచే మేకకు బొట్టు పెట్టేది. పండగలకు లక్ష్మీదేవి పటానికి బొట్టు పెట్టేటప్పుడు కూడా ఆమె ముఖంలో అంత శ్రద్ధ నేను చూడలేదు. ఆ ముందు నడిచే మేక నాకు పాలిచ్చినదాని కూతురు, అదీ బొల్లిదే. మెడలో ఇత్తడి గంట. నాలుగు మేకలు ముందు నడిస్తేనే గొర్రెలు కదులుతాయి. గొర్రె తనంతట తాను దారి చూసుకోదు, ముందున్న దాని వెనక పోవడమే దానికి తెలిసిన విద్య. తొలకరి పడి చేలు దున్నే వేళకు మంద లేచి నల్లమలకు పోయేది. మేతపన్ను కట్టి పాసు తీసుకుని, వానాకాలమంతా కొండల్లో ఉండి, కోతలయ్యాక తిరిగి వచ్చేది. ఎన్ని తరాలుగా అలా జరిగిందో చెప్పేవాళ్ళు లేరు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో ఒక తొలకరి ముందు ఊళ్ళో చాటింపు వేశారు. ఢిల్లీలో అడవులకు కొత్త కట్టడి చేశారట. మేక నోరు అడవికి చేటు అని తేల్చారట. ఇకమీదట ఆవులకు, గొర్రెలకు పాసు ఇస్తారు, మేకలకు ఇవ్వరు. అడవిలో మేక కనిపిస్తే బందెలదొడ్డికి తోలేస్తారు. ఆ చాటింపు వేసిన మనిషి నిలబడి డప్పు కొట్టింది మా బడి గోడ ముందు. ఆ గోడ మీద 'తిండిగింజలు ఎక్కువ పండించండి' అని సర్కారు వాళ్ళే నీలిరంగుతో రాయించి ఉన్నారు. నేను బడికి పోయినదాన్ని కాను, మా జేజినాయన, అంటే మా తాత, వసారాలో కూర్చోబెట్టి నేర్పిన చదువే నాది. ఆ గోడ రాత కూడబలుక్కుని చదవగలిగిన రోజు ఆయన నాకు బెల్లంగడ్డ ఇచ్చాడు.

మరుసటి రోజు పొద్దున్నే మామ, అత్త మా అరుగు ముందుకు వచ్చారు. జేజినాయన ఖద్దరు తప్ప కట్టని మనిషి. స్వరాజ్యం వచ్చిన రోజున ఊరందరికీ బెల్లం పంచినవాడు.

"మేకల్ని ఇడిసిపెట్టి పోవల్లంట పెద్దరెడ్డీ. గొర్రెకు దావ యెవురు సూపిస్తారు?" అన్నాడు మామ.

"గార్డు సూపిస్తాడులే. కాకిగుడ్డలేసుకోని ముందర నడుస్తాడు, మెడలో గంట కట్టుకోని" అంది అత్త.

జేజినాయనకు నవ్వు రాలేదు. "తెల్లోడి చట్టమైతే నేనే ఎదురు నిలబడుదునప్పా. ఇది మనం కొట్లాడి తెచ్చుకున్న సర్కారు. మనమే ఇనకపోతే ఇంగెవురు ఇంటారు? పెద్ద పెద్దోళ్ళు కూసోని ఆలోచన జేసినారు, ఊరికే జేసింటారా?"

తర్వాత ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. మేకలను ఈ కాలానికి మా దొడ్లో ఉంచి అత్త మేపుకుంటుంది. బొల్లిదాని గంట విప్పి మందలో పెద్ద పొట్టేలు మెడకు కట్టాలి. పుట్టినప్పటి నుంచి గొర్రెలు ఆ గంట చప్పుడు విని నడిచినవే కదా, గంట ఎటు పోతే అటు పోతాయి. మామ చాలాసేపు తల గోక్కున్నాడు. కాదనడానికి ఆయన దగ్గర వేరే దారి లేదు. ఆ గొర్రెలు తప్ప ఆ ఇంటికి సెంటు నేల లేదు. కొండకు తోలకపోతే మేత లేక ఊళ్ళోనే చస్తాయి. "నీ మాట మీద పోతాండా పెద్దరెడ్డీ" అన్నాడు చివరకు. గంట మార్చి కట్టారు. మా వీధిలో నాలుగు బారలు నడిపించి చూస్తే గొర్రెలన్నీ బుద్ధిగా పొట్టేలు వెనకే నడిచాయి. జేజినాయన మీసం కింద నవ్వుకున్నాడు. జేజి మాత్రం పసుపు కుంకుమ గిన్నె పట్టుకుని ఎవరికి బొట్టు పెట్టాలో తెలియక అలాగే నిలబడింది.

ఆ వానాకాలం మేకలు మా దొడ్లో చేసిన ఆగడం ఇంతా అంతా కాదు. అత్త తెచ్చే తుమ్మకాయలు, వేపరొట్ట వాటికి ఏ మూలకూ చాలేవి కావు. బొల్లిది మెట్లెక్కి మిద్దె మీదికి పోయి జేజి ఆరబెట్టిన వడియాలు తినింది. ఒకసారి జేజినాయన ఖద్దరు పైపంచె సగం నమిలింది. ఆయన కర్ర పట్టుకుని వస్తుంటే అత్త అడ్డం పోకుండానే, "సర్కారోళ్ళ గుడ్డ గదా పెద్దరెడ్డీ, తిననీ. అది యాడ మేసినా తప్పే అయిపాయె" అంది. జేజి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పొద్దు వాలే వేళకు మాత్రం బొల్లిది అల్లరి మాని, దొడ్డి గోడకు ముందుకాళ్ళు ఆనించి, కొండల వైపు చూస్తూ నిలబడేది.

ఒక మధ్యాహ్నం మామ తిరిగి వచ్చాడు. వెనకాల గుప్పెడు గొర్రెలు, చేతిలో గంట. గంట నిండా బురద కరుడుగట్టి ఉంది, మోగడం లేదు. ఎప్పుడూ అరుగు అంచున కూర్చునే మనిషి ఆ రోజు నేల మీద కూర్చున్నాడు.

"పచ్చిక జూసి పొట్టేలు నీళ్ళు లేని వంకలోకి దిగె పెద్దరెడ్డీ. ఆడ వాన లేదు. పైన యాడ్నో పడిండాది. నీళ్ళు వొచ్చె. బొల్లిదుంటే గట్టుకు ఎగిరేది, దాని యెనకమాల అన్నీ ఎగిరేవి. ఇది నిలబడిపాయె. అన్నీ దాని సుట్టూ సేరి తలకాయలు కిందికేసుకోని నిలబడిపాయె. నేను కొడ్తాండా, లాగుతాండా, ఒక్కటీ కదల్లా. గంట మాత్రం నీళ్ళల్లో గూడా మోగుతానే ఉండె."

జేజినాయన అరుగు దిగి వచ్చి, "అర్జీ పెడదామప్పా. మన సర్కారు, న్యాయం జేస్తాది" అన్నాడు.

"ఎవురి మీద పెడతావు అర్జీ? వంక మీదనా?" అంది అత్త. ఆమె గొంతు పెంచలేదు. "మేక అడివిని తింటాదని జెప్పిరి. మా ఇంటిని తినిందెవురో అదీ జెప్పమను."

అయినా జేజినాయన బండి కట్టించుకుని కర్నూలుకు పోయాడు. అప్పుడు ఆఫీసులు సగం డేరాల్లోనే ఉండేవి. ఏ డేరాకు పోతే ఇంకో డేరా చూపించారట. ఆఖరికి అడవిశాఖ దొర ఒకాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడట. కొత్త కట్టడి మేకలకు సంబంధించింది. మీ మేకలు క్షేమంగా ఉన్నాయి కదా. చచ్చినవి గొర్రెలు. గొర్రెలకు మేము పాసు ఇచ్చాము. కాబట్టి ఈ నష్టానికీ ఆ కట్టడికీ సంబంధం లేదు. జేజినాయన ఇంటికి వచ్చి ఈ మాటలు ఒక్కటి కూడా మార్చకుండా మాకు చెప్పాడు. చెప్పి, అన్నం ముందు కూర్చుని, లేచిపోయాడు. ఇన్నేళ్ళలో నేను ఆ వాక్యాలను ఎటు తిప్పి చూసినా వాటిలో అబద్ధం దొరకలేదు. అందుకే నాకు అంత మంట. అబద్ధమైతే దేవుడు చూసుకుంటాడని వదిలేసి ఉండేదాన్ని.

మామ, అత్త మిగిలిన జీవాలను సంతలో అమ్ముకుని కర్నూలుకు రాళ్ళు మోసే కూలికి పోయారు. బొల్లిదాన్ని మాత్రం అత్త అమ్మలేదు. తాడు నా చేతిలో పెట్టి, "పాపా, ఇది నీకు అక్క అయితాది. ఒకే తల్లి పాలు తాగినారు. సూసుకో" అంది. నేను గంట కడిగి దాని మెడకు కట్టాను. కట్టగానే అది అలవాటు కొద్దీ నాలుగడుగులు ముందుకు నడిచి, ఆగి, మంద వస్తోందా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక నేను తప్ప ఎవరూ లేరు. అరిచింది. మళ్ళీ నాలుగడుగులు వేసి, మళ్ళీ తిరిగి చూసింది. అది చూడలేక జేజి వచ్చి గంట విప్పేసింది. తీసుకుపోయి దేవుని గూట్లో పెట్టింది. మేక గంట దేవునికేమిటని జేజినాయన అడగలేదు. అడిగే ముఖం ఆయనకు లేదు.

మరుసటి ఎండాకాలం మా చేలల్లో మంద లేదు. చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ మందలు పలచబడ్డాయి. మేకలు లేని మందను కొండకు తోలే ధైర్యం ఎవరికుంటుంది? జొన్న మోకాటి దాకా వచ్చి పసుపుపచ్చగా పాలిపోయి ఆగిపోయింది. తర్వాత సర్కారు వాళ్ళే చక్కెరలాగా తెల్లటి ఎరువు సంచులు పంపించారు. నీళ్ళున్న చోట అది పని చేసిందేమో, మా మెట్టచేలో వాన వెనకపట్టేసరికి ఉన్న పైరును కూడా మాడ్చింది. జేజి పిండి కలిపేటప్పుడు పాత్రలోకి చూసి నిట్టూర్చడం, అందరూ తిన్నాక తనకు ఆకలి లేదనడం అప్పుడే మొదలయ్యాయి. బడిగోడ మీద నీలిరంగు రాత మాత్రం చెక్కుచెదరలేదు. ఇక అడవి మాటంటారా, మేక నోటికి అడ్డంగా కొండదారిలో పెట్టిన అడవి గేటు గుండానే కాంట్రాక్టర్ల లారీలు వెదుళ్ళు, మొద్దులు నింపుకుని మా ఊరి మీదుగా పోయేవి. ఆ దుమ్ము జేజినాయన ఖద్దరు మీద పడేది. ఆయన దులుపుకునేవాడు కాదు.

కోడలు నీళ్ళు తెచ్చింది. తాగి లేచి, ఆ పొడి తులసికి వేశాను. తులసి చేసిన తప్పేముంది? సాయంత్రం దీపం పెట్టి ఆ ఇత్తడి గంటతోనే హారతి ఇచ్చాను. జేజి తర్వాత అది నా దగ్గరికే వచ్చింది. మామను, అత్తను, బొల్లిదాన్ని, దాని తల్లిని తలచుకుని దండం పెట్టాను. జేజినాయనను కూడా తలచుకున్నాను, ఆయన నమ్మడం ఒక్కటే చేశాడు. ఆ కుర్చీ వేసిన దొర దగ్గరికి వచ్చేసరికి నా చేతులు ఎప్పటిలాగే ఆగిపోయాయి. ఎప్పటి మాట అత్తమ్మా, అన్ని ఏండ్లు గడిచిపోలేదా, అంది కోడలు. గడిచాయి, కాదనను. కానీ ముందు నడిచే మేక లేని మందలాంటివి ఆ ఏండ్లు. ఎటు తోలినా తిరిగి తిరిగి ఆ వంకలోకే దిగి, తలలు వంచుకుని నిలబడిపోతాయి.