సామాన్ల గదిలో విరిగిన కాలు

ఆత్మకూరు బజారులో కిరాణా కొట్టు నడిపే మల్లికార్జునం భార్య రాధిక. వాళ్ల ఒక్కగానొక్క కూతురు శ్రీదివ్యకు ఆరేళ్లు. ఆ పిల్లకు నడుము నుంచి మోకాలి దాకా, ఒంటికి ఒకవైపే, టీ ఒలికినట్టు గోధుమరంగు మచ్చలు. పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి.

ఒక ఉదయం పిల్ల గౌను మీద రక్తం కనిపించింది. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన ఇల్లు తలుపులు మూసుకుంది.

"ఆరేళ్లకే పెద్దమనిషయిందంటే బజారంతా నవ్వదా? అమ్మవారు పోసిందని చెప్పండి" అంది అత్త నాగేశ్వరమ్మ. గుమ్మానికి వేపమండలు కట్టింది. సామాన్ల గదిలో చాప వేసి మనవరాలిని కూర్చోబెట్టింది. స్నానమయ్యేదాకా ఎవరూ తాకకూడదు, పిల్ల గడప దాటకూడదు.

మర్నాడు మంచినీళ్లకని లేచిన శ్రీదివ్య చాప అంచు తగిలి పడింది. చిన్న పాటుకే తొడ ఎముక విరిగింది. కేక విని రాధిక వచ్చేసరికి కాలు పక్కకు తిరిగి ఉంది.

"తాకబాక! ఉదయగిరి నుంచి కట్టు కట్టే ఆయన్ని పిలిపిస్తా" అని అత్త అడ్డం నిలబడింది.

"అంతదాకా బిడ్డ ఏడస్తా పడుండాల్నా? జరుగత్తా!"

రాధిక రోకలిబండ కాలికి ఆనించి చీరతో చుట్టింది. బిడ్డను ఎత్తుకుని వీధిలోకి వచ్చింది. ఎదురుగా ఆటో పెంచలప్రసాద్. వేపమండలు చూసి వెనక్కి జరిగాడు.

"అమ్మవారు పోసిన బిడ్డను ఎట్ట ఎక్కించుకునేదక్కా? ఇంట్లో చంటిది ఉండాది."

అబద్ధం నిలబడితే ఆటో రాదు. బజారు మొత్తం చూస్తోంది. ఇంటిముందు కొట్టులో మల్లికార్జునం తల దించుకుని పప్పు తూస్తున్నాడు.

"అమ్మవారూ లేదు, ఏమీ లేదు. బిడ్డకు నెలసరి వచ్చినాది. కాలు విరిగినాది. ఇప్పుడు ఎక్కిస్తావా, లేదా?"

తక్కెడ ఆగింది.

"ఆ మాట ముందే చెప్పొద్దా! ఎక్కక్కా, కాలు కదలనీయబాక" అంటూ ప్రసాద్ ఆటో స్టార్ట్ చేశాడు.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు మచ్చలూ ఎక్స్‌రే ఒకేసారి చూసింది. మచ్చలు, పెళుసు ఎముక, వయసుకు ముందే వచ్చిన రక్తం, మూడూ ఒకటే జబ్బంది. మెక్‌క్యూన్-ఆల్‌బ్రైట్ సిండ్రోమ్. పిండం రూపుకట్టే తొలిరోజుల్లో ఒక జన్యువులో వచ్చిన మార్పు. తల్లి తప్పు కాదు, తండ్రిదీ కాదు. పూర్తిగా పోదు గానీ, ముందే వస్తున్న ఎదుగుదలను ఆపడానికి మందులున్నాయి. తొడలో రాడ్ వేశారు.

ఇలాంటి బిడ్డలు ఎందరు మైల పేరుతో మూల గదుల్లో కూర్చున్నారో ఎవరూ లెక్క రాయలేదు.

శ్రీదివ్య ఇప్పుడు వాకర్ పట్టుకుని బడికి పోతోంది. నెలసరి మాట బజారున పడినప్పటి నుంచి గిరాకీ తగ్గిందని మొన్న మల్లికార్జునం సణిగాడు.

"తగ్గితే తగ్గనీ" అంది రాధిక. "బిడ్డ నడస్తా ఉండాది."