సెలవుకి దాచుకున్న పన్ను

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున, ఉదయగిరి బస్టాండు ముందర టీ తాగుతుంటే కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది మా మరదలు కాదు. ఆమె పనిచేసే ఇంటికి పక్కింట్లో పనిచేసే వరికుంటపాడు మనిషి.

"పెద్దాయనా, మీ మరదలు ఇంగ లేదు. ఇందాకనే ఆస్పత్రిలో పోయింది" అని చెప్పింది.

నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం నా పాపమే. ముప్పై ఏళ్లకు పైగా నేనూ మా మరదలూ ఒకరినొకరు ఏడిపించుకుంటూనే ఉన్నాం. ఒకసారి నేను గొంతు మార్చి ఆమెకి ఫోన్ చేసి, ఎయిర్‌పోర్టు ఆఫీసరునని చెప్పి, నీ పెట్టెలో గోంగూర పచ్చడి కారి పక్కవాళ్ల బట్టలన్నీ పాడైనాయి, వచ్చి ఉతికిపోవాలని హడలగొట్టాను. దానికి బదులు తీర్చుకుంటోంది కాబోలు అనుకున్నాను.

"ఏం పోయింది, పన్నేనా? నాటకాలాడబాకండి, ఆమెకే ఇయ్యమ్మా ఫోను" అన్నాను.

అవతల ఆ మనిషి ఏడ్చింది. ఆ ఏడుపు విని కూడా కొంచెంసేపు నేను నవ్వుమొహం పెట్టుకునే ఉన్నాను. ఎట్లా మార్చుకోవాలో తెలియలేదు.

మా మరదలంటే మా ఆవిడకు చెల్లెలు. సీతారామపురం పక్కన ఒక పల్లెకు కోడలుగా పోయింది. మొగుడు మంచివాడే గానీ వాళ్ల చేలో వేసిన బోర్లు ఒక్కటీ నిలబడలేదు. మూడోది కూడా దుమ్మే పోసినప్పుడు ఆమె కువైట్ పోయింది. పదకొండేళ్లు ఒకే ఇంట్లో వంటపని. రెండేళ్లకోసారి రెండు నెలలు సెలవు. ఆమె పోయింది గుండె ఆగి కాదు, కారు గుద్ది కాదు. పంటినొప్పితో పోయింది. ఈ మాట చెబితే ఉదయగిరిలో సగం మంది నేను మళ్లీ ఎగతాళికి దిగానని అనుకున్నారు. నా మాటకున్న విలువ అది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్లన్నా నమ్మండి.

అసలు ఆమె పళ్ల సంగతి ముందు చెప్పాలి. నా పెళ్లినాటికి ఆమెకి పన్నెండేళ్లు. తాంబూలం పళ్లెంలోంచి ఎండు వక్క తీసుకుని, పళ్ల మధ్య పెట్టి, పటుక్కున రెండు ముక్కలు చేసి నాకు చూపించింది. తర్వాత ఇంకో వక్క తీసి నా చేతిలో పెట్టింది.

"ఏదీ, నువ్వు కొరుకు బావా. మా అక్కకి ఎట్టాంటోణ్ణి కట్టబెట్టినారో చూస్తాం" అంది.

పందిట్లో అందరూ చూస్తున్నారు. కొరక్క తప్పలేదు. వక్కకి ఏమీ కాలేదు, నా ముందుపన్ను మూల విరిగింది. ఆ మధ్యాహ్నం బంతిలో లడ్డు నమల్లేక పక్కన పెడితే, మర్యాద చాల్లేదని అల్లుడు అలిగాడనుకుని మా మామ ఇంకో రెండు లడ్లు వేయించాడు. ఆ పిల్ల స్తంభం చాటున నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

పెద్దదైనాక కూడా అంతే. ఒకసారి అందరం అనుమసముద్రంపేట దర్గాకి పోయాం. ఎండకి నాలుక పిడచ కట్టుకుపోయింది. కూల్‌డ్రింకుల అంగడాయన మూత తీసేది కనపడక వెతుక్కుంటున్నాడు. ఈమె సీసా లాక్కుని పంటితో మూత లేపింది. మాకు ఆరు సీసాలు, వెనకాల నిలబడ్డ ఎవరికో నాలుగు. అంగడాయన చేతులు కట్టుకుని చూసి, "అమ్మా, ఈడనే ఉండిపో, జీతమిస్తాను" అన్నాడు. "నా జీతం నువ్వు ఇయ్యలేవులే సాయిబూ" అంది ఈమె. అప్పటికి ఇంకా కువైట్ మాటే లేదు.

కువైట్‌కి పోయే మనుషులకి ఒక పద్ధతుంది. మా వైపు వాళ్లందరికీ తెలిసిందే. ఒంట్లో ఏం వచ్చినా అక్కడ చూపించుకోరు, సెలవుకి దాచుకుంటారు. కళ్లద్దాలు, మోకాళ్లు, కడుపులో మంట, పళ్లు, అన్నీ మూటగట్టుకుని వస్తారు. వచ్చిన వారం చుట్టాలకి, ఆ తర్వాత నెల ఆస్పత్రులకి. మా మరదలు సెలవులో దిగితే నేను అడిగే మొదటి మాట, "ఏం మే, ఈసారి ఏం తెచ్చినావు, మోకాలా, కన్నా?" అని. "మోకాలు రెండు, కన్ను ఒకటి. అక్కకి మాత్రం చెప్పబాక" అనేది. పోయిన సెలవులో కుడిపక్క రెండు దవడపళ్లు పీకించుకుని పోయింది. ఎడమపక్కది అప్పటికే కొంచెం జివ్వుమనేది. "దీన్ని వచ్చే సెలవులో చూసుకుంటాంలే" అంది. అది ఆమె ఊతపదం. ఏదడిగినా వచ్చే సెలవులోనే.

తిరిగి కువైట్ పోయిన ఐదు నెలలకే ఆ పన్ను మొదలుపెట్టింది.

ఆమె పనిచేసే ఇంట్లో పిల్లకి పళ్లు ఎత్తుగా ఉంటే తీగలు కట్టించారు. నెలకోసారి పళ్ల డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ పిల్లకి సూదంటే భయం, మా మరదలు చెయ్యి పట్టుకుంటేనే నోరు తెరుస్తుంది. ఫోన్లో చెప్పింది నాకు.

"ఆ కుర్చీ ఉండాదే బావా, మంచం మాదిరి పైకి లేస్తాది, కిందికి దిగతాది. పక్కనే స్టూలు మీద నేను కూసోనుంటా. ఆ పిల్ల నోట్లో లైటేస్తే నా పన్ను గూడా కొట్టుకుంటాది."

"అడగరాదా మే, ఒకసారి దీన్ని గూడా చూడమని?"

"అడిగినాను. ఆడ ఉండే మలయాళం నర్సుని అడిగినాను. నా పంటికి నరం తీసి టోపీ పెట్టేదానికి నా రెండు నెల్ల జీతమంట. లేచి నిలబడినాను."

"సర్కారు ఆస్పత్రి లేదా?"

"ఉండాది. ఎవురో ఒకరు కార్లో దించాల, ఒకపూట వంట మానాల. పొయ్యినా పీకతారంతే. కుడిపక్క యాడుండాయి బావా నాకు? ఇది గూడా పీకితే దేంతో నమిలేది?"

ఆ ఇంటామె చెడ్డదని నేననను. తను వాడే నొప్పి మాత్రలు ఈమెకీ ఇచ్చేదంట. సెలవు దగ్గరికొస్తోంది కదా, మీ దేశంలో చవక కదా, అక్కడే చేయించుకో అని కూడా చెప్పిందంట. అందరం ఆ మాటే చెప్పాం.

నేను ఇంకా ఎక్కువే చెప్పాను. ఇప్పుడు రాయకపోతే ఎప్పటికీ రాయను.

సీతారామపురం పక్కన ఆ పల్లెలోనే వాళ్లు రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. శ్లాబు పడింది, గోడలు లేచాయి, తలుపులు మాత్రం లేవు. గుమ్మానికి పట్టా కట్టుకుని ఉంటున్నారు. ఈ ఏడాది వేసవి ముందు ఆమె ఫోన్ చేసి, దాచిన జీతం కొంత ఉంది, పన్ను చేయించుకోనా, తలుపులు పెట్టించనా అని నన్నడిగింది. మొగుణ్ణి అడగలేదు, అక్కని అడగలేదు. నన్నే అడిగింది. నేను ఏమన్నానో అక్షరం మర్చిపోలేదు.

"ఇంటికి తలుపు లేకుంటే కుక్కలొస్తాయి మే. నీ నోటికి పన్ను లేకుంటే ఏం పోతాది? కరిచేదానికి మొగుడు గూడా పక్కన లేడాయె."

ఆమె పకపకా నవ్వింది. నవ్వితే నొప్పి లేచిందేమో, అమ్మా అని ఆగింది. మళ్లీ నవ్వింది. "సరే బావా, తలుపులే" అంది. ఆ వారమే ఆత్మకూరులో టేకు తలుపులు తీసి వాళ్ల ఇంటికి పంపించాను. చెక్కపని బాగుందని ఫోటో తీసి ఆమెకి పంపాను కూడా.

తలుపులతో ఊరుకున్నానా, మాత్రలు కూడా పంపాను. కువైట్ పోయేవాళ్లు ఎవరు కనపడ్డా ఒక పొట్లం ఇచ్చేవాణ్ణి. పప్పులపొడి, నిమ్మకాయ ఊరగాయ, మధ్యలో ఆత్మకూరు మందుల షాపులో తీసుకున్న పన్ను మాత్రలు. అక్కడి మాత్రల కన్నా మన మాత్రలే బాగా పట్టుకుంటాయని ఆమె నమ్మకం. మా వాళ్లందరి నమ్మకమూ అదే. మూడుసార్లు పంపాను. మాత్ర వేసుకుంటే నొప్పి పోయేది, నొప్పి పోతే వంట చేసుకునేది. నొప్పి లేదు కాబట్టి పన్ను బాగయిందని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను. లోపల చీము దవడ కిందికి దిగుతూనే ఉంది. ఇది తర్వాత డాక్టరు చెప్పిన మాట.

చనిపోయే ముందటి వారం, ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది. మా ఆవిడ పక్కనే కూర్చుంది. మా మరదలు తలకి గుడ్డ చుట్టి సగం మొహం కప్పుకుంది.

"ఎందుకు మే ఆ ముసుగు, కొత్త పెళ్లికూతురు మాదిరి?"

"చలి బావా. ఏసీ ఎక్కువుండాది."

"తియ్యవే, చూస్తాం" అంది మా ఆవిడ.

తీసింది. ఎడమ దవడ నించి గొంతు దాకా బిగుసుకుని వాచి ఉంది. మాట ముద్దగా వస్తోంది. మా ఆవిడ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా. నేను అన్నాను. "రెండో పక్క గూడా వాచేట్టు చూసుకో మే, సమానంగా ఉంటాది."

ఆమె ఒక పక్క మూతితో నవ్వింది. "నెల రోజులే గదా బావా. ఆత్మకూరు డాక్టరుకి చెప్పి పెట్టు. దిగిన మర్నాడే వస్తా" అంది. అంతకుముందే నేను ఆయన దగ్గర రోజు రాయించి పెట్టాను. "చెప్పినాను లే" అన్నాను. అదే చివరి మాట.

బుధవారానికి నీళ్లు దిగలేదంట. శుక్రవారం ఊపిరి ఆడకపోతే అంబులెన్సు పిలిచారంట. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అక్కడి డాక్టరు అడిగితే, పక్కన ఉన్న వరికుంటపాడు మనిషి తల దించుకుందంట. ఆమె నాకు ఇదంతా చెబుతూ, "ఏం చెప్పాల పెద్దాయనా?" అని నన్నే అడిగింది.

పెట్టె మద్రాసు ఎయిర్‌పోర్టుకి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అక్కడి నుంచి నెల్లూరు, ఆత్మకూరు, ఉదయగిరి మీదుగా సీతారామపురం. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. ప్రతి సెలవుకీ ఇదే దారిన తీసుకొచ్చేవాణ్ణి. సంగం దాటేదాకా ఆమె నోరు మూసేది కాదు.

ఇంటి ముందర షామియానా వేశారు. పెట్టె దించాక లోపలికి తీసుకుపోదామని నేనంటే పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. బయట పోయిన మనిషిని గుమ్మం దాటించకూడదన్నారు. మా తోడల్లుడు లేచాడు. తలుపులు బార్లా తీసి, పెట్టెకి ఎదురుగా రెండు రెక్కలకీ రాళ్లు అడ్డం పెట్టి వచ్చి కూర్చున్నాడు. అంతే చెయ్యగలిగాడు.

పెద్దకర్మ అయిపోయాక ఆత్మకూరు పోయాను, పళ్ల డాక్టరు దగ్గర రాయించిన రోజు తీసేయించడానికి. ఫోన్ చేస్తే సరిపోయేది. ఎందుకు పోయానో నాకే తెలియదు. బల్ల దగ్గరున్న అమ్మాయికి పేరు చెప్పాను.

"రావడం కుదర్లేదా తాతా? ఇంకో రోజు వెయ్యాల్నా?"

"వద్దమ్మా. కొట్టేయ్."

లేచి వచ్చేద్దామనుకుంటే లోపలి నుంచి డాక్టరు గొంతు వినపడింది. ఒక మనిషిని బయటిదాకా తీసుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. వెనకాల ఆమె తల్లి, చేతిలో రెండు సంచులు.

"నరం తీసేది ఇంకా మూడుసార్లు రావాలమ్మా. ఇప్పుడు పెట్టింది ఉత్త సిమెంటు. పది రోజులు కూడా ఆగదు" అంటున్నాడు డాక్టరు. "గంటసేపు నోరు తెరవబాకు. మాట్లాడబాకు."

తల్లి చెప్పింది, "రేపు మద్రాసులో ఇమానం ఎక్కాల సార్. కువైట్‌కి. మళ్లీ రెండేళ్లకే."

నేను ఆ మనిషికి అడ్డం పోయి నిలబడ్డాను. అరవై దాటిన ముసలాణ్ణి, సిగ్గు విడిచి చెప్పాను. "వారం ఆగి పో అమ్మా. మా మరదలు ఇట్టనే పోయింది. మొన్ననే." తలుపుల సంగతి, మాత్రల సంగతి, అన్నీ చెప్పాను. ఒక్క ఎగతాళి మాట లేకుండా చెప్పాను. ఆమె నా మొహంలోకి చూస్తూ అంతా విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల అడ్డంగా ఊపింది.

"వారం ఆగితే ఆ ఇంట్లో ఇంకో మనిషిని పెట్టుకుంటారు పెద్దాయనా" అని తల్లి చెప్పింది.

వాళ్ల వెనకే బస్టాండుకి పోయాను. నెల్లూరు బస్సు సిద్ధంగా ఉంది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. తల్లి కింద నిలబడి ఒక్కొక్కటే అడుగుతోంది. దిగినాక ఫోన్ చేస్తావా, తల ఊపింది. ఎప్పుడు, వేళ్లు చూపించింది. అన్నం మూట పైన పెట్టినా, ఆకలేస్తే తింటావా, తల ఊపింది. నీ పాప బళ్లోంచి వచ్చి అమ్మేదని అడిగితే ఏం చెప్పేది? దానికి వేళ్లతో చెప్పడం ఆమెకి చేతకాలేదు. చెయ్యి కిటికీ బయట పెట్టి తల్లి తల నిమిరింది. బస్సు కదిలింది. తల్లి నాలుగడుగులు పక్కనే నడిచింది. డాక్టరు చెప్పిన గంట ఇంకా కాలేదు. ఆమె పెదవులు గట్టిగా మూసుకునే ఉంది.