నానబెట్టిన అట్ట

నిజామాబాదులో బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులకు ఊరికే ఉండడం తెలియదు. సుమిత్రమ్మ చేతులకు మరీ తెలియదు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగోనెలో చుట్టిన తునికాకు. పొద్దున కూర్చుంటే మళ్లీ పొయ్యి ముట్టించే వేళకే లేచేది. భర్త లింబయ్య చెరుకు నరికే కాలమంతా బోధన్ వైపే ఉండేవాడు. ఇంట్లో తల్లీ కూతురే. కూతురు గోదావరి ఏడో తరగతి.

ఆ పిల్ల నోటుపుస్తకాలు దుకాణంలో కొన్నవి కావు, తల్లి చేసినవి. బీడీ కట్టలకు చుట్టే లేబుళ్లు పెద్ద షీట్ల మీద అచ్చవుతాయి. ఒకవైపు బొమ్మలు, రెండోవైపు తెల్లగా ఉంటుంది. ఆ ఏడాది కంపెనీ లేబుల్ మార్చింది, పాత షీట్లు మిగిలిపోయాయి. అవి బయటికి పోతే దొంగ బీడీలకు అతికించి అమ్ముకుంటారని కంపెనీకి భయం. అందుకని రద్దయిన గుర్తుగా ప్రతి షీటుకూ నాలుగు మూలల్లో తూట్లు పొడిచి తగలబెట్టాలి. తూట్లు పొడిచే మిషన్ కార్ఖానాలో లెక్కలు చూసే మునీం ఆత్మారాం బల్ల మీద ఉండేది.

"మంటల వేసుడెందుకు చెల్లె, నువ్ పట్కపో. పిల్ల రాసుకుంటది," అన్నాడు ఆత్మారాం, తూట్లు పొడిచిన కట్ట ఒకటి ఆమె గంపలో పెడుతూ. రాఖీ పున్నమికి ఆమె చేత దారం కట్టించుకునే మనిషి. అతని మాట మీద ఆమెకు అనుమానం రాలేదు.

ఇంటికొచ్చి షీట్లు మడిచి, ఆకు కోసే కత్తెర పట్టింది. ఆకు అంచు వంకర పోతే బీడీ వాపసు వస్తుంది. పదేళ్ల వయసు నుంచీ ఆ భయంతోనే కత్తిరించిన చెయ్యి, కాగితం మూలలో తూటు కనబడితే ఊరుకుంటుందా? మూలలన్నీ చక్కగా కోసేసింది. దబ్బనంతో నడుమ పొడిచి, బీడీ దారం పేని కుట్టింది. కోసిన ముక్కలు పారేయలేదు. మైదా ఉడకబెట్టి, ముక్క మీద ముక్క అతికించి, రోలు కింద అదిమిపెట్టి అట్టలు చేసింది. వాటి మీద సిమెంటు సంచి కాగితం తొడిగింది.

పక్కింటి భూమవ్వ పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "తంబాకు వాసన గొడ్తుందేందే. బిడ్డను కలెక్టర్ను చేస్తవా, కార్ఖానకు మునీంను చేస్తవా?"

"ఏదైనా మంచిదే అక్క. దాని ఒళ్లె చాట లేకుంటే సాలు."

చలికాలంలో ఒక శనివారం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి తల్లితో గోదావరి కూడా వచ్చింది. వంతు వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. కంపెనీ మేనేజరు రాజేశ్వర్ జీపు దిగి లోపలికి పోతూ ఆగాడు. పుస్తకం తీసుకుని పేజీ తిప్పాడు. వెనకంతా లేబుళ్లే.

"ఎవరిచ్చిండ్రు గివి?"

సుమిత్రమ్మ లేచి నిలబడింది. "ఆత్మారామన్న ఇచ్చిండు సారు. పాతయే గదా."

రాజేశ్వర్ మునీం వైపు చూశాడు. ఆత్మారాం బల్ల మీది బీడీ కట్ట అటూ ఇటూ తిప్పుతూ, తలెత్తకుండా అన్నాడు: "నేనియ్యలే."

సుమిత్రమ్మకు ఆ మాట ఎక్కలేదు. వేరే ఎవరితోనో వేరే దేని గురించో అన్నాడనుకుంది. అతని ముఖం చూసింది. రోజూ చూసే ముఖమే. చేతికున్న రాఖీ దారం రంగు వెలిసింది గానీ ఇంకా ఉంది. కాళ్ల కింద నేల చల్లగా తగులుతోంది.

"రద్దయిన షీటైతే మూలకు తూటుండాలె గదా," అన్నాడు రాజేశ్వర్. "ఏది, సూపియ్."

ఆమె పేజీ తర్వాత పేజీ తిప్పింది. ఎక్కడా తూటు లేదు. మూలలన్నీ నున్నగా, సమంగా ఉన్నాయి. తన కత్తెర కోసిన మూలలే.

"దొంగ లేబుళ్లు ఏడికెళ్లి పోతున్నయో ఇప్పుడు దెలిసింది. కార్డు ఆడ పెట్టి పో."

బీడీ కార్మికురాలి కార్డు కంపెనీకి ఒక అట్టముక్క. ఆమెకు అది పోతే ఆకు రాదు, పీఎఫ్ రాదు. ఇన్నేళ్లు వంగి చుట్టిన వెన్నుకు సాక్ష్యమే ఉండదు. వంతు వచ్చేదాకా అక్కడే చాటలు ఒళ్లో పెట్టుకుని చుట్టుకుంటున్న అంతమంది ఆడవాళ్లలో, భూమవ్వతో సహా, ఒక్కరూ నోరు విప్పలేదు. మాట్లాడితే తన కార్డు కూడా అదే బల్ల మీద పెట్టాల్సి వస్తుందని అందరికీ తెలుసు.

కార్డు తీయబోతూ సుమిత్రమ్మ ఆగింది. చేతిలోని పుస్తకం అట్టను వేలితో నొక్కి చూసింది. కూతురి వైపు తిరిగింది.

"బిడ్డా, నీ అట్ట ఖరాబైతది."

"కానియ్యవ్వ."

దారం తెంపి అట్టను విడదీసింది. అక్కడున్న ఆకు నానేసే తొట్టిలో ముంచింది.

"ఏం జేస్తున్నవ్?" అన్నాడు రాజేశ్వర్.

"జర ఆగుండ్రి సారు. నానాలె."

మైదా మెత్తబడింది. గోటితో ఒక్కొక్క పొర లేపి, ఆత్మారాం బల్ల మీద పరిచింది. చిన్న చిన్న మూల ముక్కలు, ప్రతి ముక్కలోనూ గుండ్రటి తూటు. బల్ల నిండింది. నీళ్లు కారి అతని ధోవతి తడిసింది. అతను జరగలేదు.

"గీ తూట్లు పొడిసే మిషన్ మా ఇంట్ల లేదు సారు," అంది.

రాజేశ్వర్ ముక్కలు చూశాడు, మునీంను చూశాడు. "సరే, కార్డు నీ దగ్గర్నే ఉంచుకో," అని జీపు వైపు నడవబోయాడు.

"దొంగ అన్నది గింతమంది ముందట. కాదని గూడ గింతమంది ముందట్నే చెప్పి పోవాలె," అంది సుమిత్రమ్మ.

అప్పుడు భూమవ్వ చాట కింద పెట్టింది. తర్వాత ఇంకొకామె పెట్టింది. కత్తెర్ల చప్పుడు ఆగిపోయింది. రాజేశ్వర్ ఎవరి ముఖమూ చూడకుండా, "దొంగ గాదు. ఇగ పని జేస్కోండ్రి," అని వెళ్లిపోయాడు.

మరుసటి వారం ఆకుతో పాటు ఆమె గంపలో దుకాణంలో కొన్న కొత్త నోటుపుస్తకం ఒకటి ఉంది. పెట్టింది ఆత్మారామే. సుమిత్రమ్మ దాన్ని బయటికి తీసింది.

"ఎందుకన్నవన్న గా మాట?"

"నాకు గూడ పిల్లలున్నరు చెల్లె."

ఇంత సులువుగా చెప్పగలిగిన మాటా ఇది? "నేనియ్యలే" అన్ననాటికంటే ఇప్పుడే ఆమెకు ఒళ్లు జలదరించింది. పుస్తకం అతని బల్ల మీద పెట్టింది.

"గట్లయితే వాళ్లకే ఇయ్యి," అని గంప ఎత్తుకుంది.